ముందు నీటి దారి, ఆ తర్వాతే స్తంభాల పాలిష్

తణుకు, రామచంద్రపురం, అమలాపురం చుట్టుపక్కల పాత వీధుల్లో నడుస్తుంటే ఒక సంగతి కంటపడుతుంది. వీధి అరుగులు భూమిలోకి దిగిపోయినట్టుంటాయి. ఒకప్పుడు మూడు నాలుగు మెట్లెక్కితే గానీ అందని అరుగు ఇప్పుడు రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంటుంది. కొన్నిచోట్ల రోడ్డే ఎత్తు. ఇల్లు దిగలేదు, వీధి పెరిగింది. మట్టి బాట మీద కంకర, కంకర మీద తారు, తారు మీద సిమెంటు రోడ్డు. పాతది తవ్వకుండా దాని మీదే మరో పొర వేసుకుంటూ పోయారు. పక్కనున్న మురుగుకాలవ కూడా రోడ్డుతో పాటే పైకొచ్చింది. ఇంట్లో పడిన వాన వీధిలోకి పోయే రోజులు పోయి, వీధిలో పడిన వాన ఇంట్లోకొచ్చే రోజులొచ్చాయి.

అలాంటి వీధిలో, నడుమ ఆకాశం కనబడే మండువా ఉన్న ఒక పాత ఇంటిని బాగుచేయించాలని వారసులు అనుకున్నారనుకుందాం. ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో, ఒకరు ఊళ్ళోనే. వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, డబ్బులు వేసుకుని పనుల లిస్టు రాస్తారు. స్తంభాలకు పాలిష్, తలుపులకు వార్నిష్, గోడలకు పుట్టీ, నేలకు కొత్త టైల్సు, మండువా మీద రేకు. వీధి కాలవ ఆ లిస్టులో ఉండదు. రెండో వానాకాలం వచ్చేసరికి పుట్టీ పొట్టు పొట్టుగా లేస్తుంది, గోడ అడుగున మోకాలెత్తు దాకా తెల్లగా ఉప్పు తేలుతుంది. ‘పాత గోడలు కదండీ, ఇంతే మరి’ అని మేస్త్రీ తేల్చేస్తాడు. పాపం, ఆ గోడ దాదాపు నూరేళ్ళు బాగానే ఉంది. మొన్న మనం చేసిన పనికే దానికి జబ్బు చేసింది.

పాత ఇంటి సొగసు అనగానే అందరికీ కళ్ళముందు మెదిలేవి చెక్కిన ద్వారబంధం, బర్మా టేకు స్తంభాలు, ఇత్తడి బొడిపెల తలుపులు. అవి ఇంటి నగలు. ఒంటిని పట్టించుకోకుండా నగలు మెరుగుపెట్టడమే ఇప్పటి మరమ్మతుల్లో ఎక్కువగా జరుగుతోంది. మండువా ఇంటి అసలు గుణం అది నీటిని, గాలిని, వెలుగును నడిపించే తీరులో ఉంది. ఆ తీరు చెడిపోయాక స్తంభాలు ఎంత మెరిసినా అది పాత సామాను పెట్టిన కొత్త ఇల్లు మాత్రమే.

ఆ తీరు ఏమిటో ఒకసారి చూడాలి. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చతురస్రపు ఖాళీ, అదే మండువా, దాని చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన పడితే నాలుగు చూరుల నుంచి నీళ్ళు మండువాలోకి ధారకడతాయి. చూరు కింద గంగాళాలు, బిందెలు పెట్టి పట్టుకోగా మిగిలినవి రాతి పళ్ళెంలా పల్లంగా పరిచిన నేల మీదుగా ఒక మూలనున్న తూములోకి, అక్కడి నుంచి బయటికి పోతాయి. ఎండాకాలంలో వేడెక్కిన గాలి అదే ఖాళీలోంచి పైకి పోతుంటే వీధి వైపు నుంచి, పెరటి వైపు నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. వీధి గుమ్మం, సావిడి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండడం ఊరికే కాదు. వీధిలో నిలబడితే పెరట్లో నుయ్యి కనబడాలి అంటారు కదా, గాలి నడిచే దారి కూడా అదే.

ఇక గోడలు. 18 అంగుళాల నుంచి రెండడుగుల మందం. చాలా ఇళ్ళలో లోపల ఇటుకను కట్టింది బంకమట్టి అడుసుతోనే. పైన పూత మాత్రం సున్నం. పునాదిలో చెమ్మను ఆపే పొర ఏదీ ఉండదు. నేలలోంచి గోడకు కొంత తేమ ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి అది ఆవిరై పోతుంది. ఎక్కిన తేమ ఎక్కినట్టే పోతుంటుంది కాబట్టి గోడ ఆరోగ్యంగా ఉంటుంది. చెమ్మను రాకుండా ఆపడం ఆ కట్టడం పద్ధతి కాదు, వచ్చినదాన్ని పంపెయ్యడమే పద్ధతి.

సిమెంటుతో వచ్చిన చిక్కు

మన దేశంలో సిమెంటు పెద్ద ఎత్తున తయారుకావడం 1914లో పోర్‌బందర్ ఫ్యాక్టరీతో మొదలైంది. అది పల్లెటూరి మేస్త్రీ చేతికి అందడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అందుచేత ఇప్పుడు మరమ్మతుకొచ్చే పాత లోగిళ్ళలో ఎక్కువ భాగం సిమెంటు ముఖం ఎరగనివి. వాటికి సిమెంటు పూయడమంటే చొక్కా మీద ప్లాస్టిక్ సంచి తొడిగినట్టే. నేలలోంచి తేమ ఎక్కడం ఆగదు, బయటికి పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. తేమతో పాటు నేలలోని లవణాలు కూడా ఎక్కుతాయి. అవి సిమెంటు పూత వెనకాల గట్టిపడి, పలుకులు కట్టి, ఇటుకను పొడి చేస్తాయి. పైకి గోడ నున్నగానే కనిపిస్తుంది. వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. కొన్నాళ్ళకు ఆ పూత ఊడినప్పుడు దానితో పాటు ఇటుక ముఖం కూడా ఒక పెచ్చుగా ఊడొస్తుంది. పూత ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. పాడైతే పూత పాడవ్వాలి, దాన్ని మళ్ళీ వేసుకోవచ్చు. సిమెంటు పూత గట్టిది, పాత ఇటుక మెత్తది. పాడయ్యేది ఎప్పుడూ ఇటుకే.

ఇది ఇళ్ళకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేసిన పనుల్లో ఒక పెద్ద భాగం, గత శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును చెక్కి తీసేసి మళ్ళీ సున్నం పూయడమే. గోల్కొండ సుల్తానుల కట్టడాలకు మంచిది కానిది తాతగారి సావిడికి మంచిదెలా అవుతుంది?

సున్నం కథ వేరు. సున్నపురాయిని గానీ నత్తగుల్లల్ని గానీ బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. కాలిన సున్నంలో నీళ్ళు పోస్తే కుతకుతలాడి మెత్తబడుతుంది. దాన్ని ఇసుకతోనో ఇటుక పొడితోనో కలిపి గోడకు పూస్తే, గాలిలోంచి అదే వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. సిమెంటులా ఒక్క రోజులో బిగుసుకోదు. నెలలు, లోపలి పొరలకు ఏళ్ళు. ఆ నెమ్మదిలోనే దాని మేలు ఉంది. గోడ కొద్దిగా కదిలినా సున్నం దానితో పాటు సర్దుకుంటుంది. సన్నని నెరలు పడితే వాన తడికి కరిగిన సున్నమే కొంతవరకు వాటిని పూడ్చుతుంది.

పాత కాలపు పనిలో దీన్ని గానుగలో ఆడించేవారు. గుండ్రని రాతి గాడి, అందులో ఎడ్లు తిప్పే బరువైన రాతి చక్రం. సున్నం, ఇసుక కలిపి జిగురొచ్చేదాకా నూరితే అది డంగు సున్నం. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు అందులో పడేవి. పైపూత అద్దంలా రావాలనుకున్న చోట గుడ్డు తెల్లసొన కలిపేవారు. ఇవన్నీ తాతల కాలం నాటి మూఢనమ్మకాలని నవ్వుకునేవాళ్ళున్నారు గానీ, బెల్లం నీళ్ళు సున్నం పని చేయడానికి అనువుగా ఉండేలా చేస్తాయి, కరక్కాయ రసం గట్టితనానికి తోడ్పడుతుంది. ఇప్పుడు ఎడ్లు అక్కర్లేదు. కరెంటు మోటారుతో తిరిగే గ్రైండరు చాలు. కావలసింది నానబెట్టే ఓపిక. తడి సున్నాన్ని నీటి కింద కనీసం కొన్ని వారాలు నిలవ ఉంచకపోతే, సరిగా విరగని పలుకులు గోడ మీద తర్వాత పొక్కులుగా పేలతాయి.

ఇక్కడే అసలు టెన్షన్. మన ఇళ్ళలో మరమ్మతుకు గడువు పెట్టేది ఇంజనీరు కాదు, పురోహితుడు. వైశాఖంలో పెళ్ళి ముహూర్తం, మాఘంలో పని మొదలు. మూడు నెలల్లో గోడలు, కప్పు, రంగులు అన్నీ అయిపోవాలి. సున్నంతో ఒక పొర ఆరాకే ఇంకో పొర. అంతకు ముందు గోడ ఆరాలి. సిమెంటైతే ఇవాళ పూసి రేపటి నుంచి నీళ్ళు కొట్టుకుంటూ పోవచ్చు. ఎంతో తెలిసినవాళ్ళు కూడా చివరికి ముహూర్తానికే లొంగుతారు. పెళ్ళి ఉన్న ఏడాది పాత ఇంటికి గోడల పని పెట్టుకోకపోవడమే మేలు. వెల్ల వేయించి, షామియానా కట్టి పెళ్ళి చేసేసి, ఆ తర్వాత తీరుబడిగా మొదలుపెట్టొచ్చు.

పని వరస ఎలా ఉండాలన్నది కూడా ఇందులోంచే వస్తుంది. మొదట వీధి వైపు, పక్క సందుల్లో గోడ వెంబడి కొద్దిగా తవ్వి, నీళ్ళు ఇంటికి ఎదురు తిరగకుండా వాలు సరిచేయాలి. గోడకు ఆనించి పేరుకున్న మట్టిని, ఇటుక ముక్కల్ని తీసేయాలి. మండువా తూము ఎక్కడ తేలుతుందో వెతకాలి. రోడ్డు ఎత్తుపెరిగి ఆ తూము నోరు మూసుకుపోయి ఉంటే, పెరటి వైపు ఇంకో దారి ఇవ్వాలి, లేదా పెరట్లో ఇంకుడు గుంత తవ్వి అందులోకి వదలాలి. తర్వాత సిమెంటు పూత ఉన్న చోట దాన్ని చెక్కించి ఒక ఎండాకాలమంతా గోడను ఒట్టిగా వదిలేయాలి. చూడ్డానికి బాగోదు. చుట్టాలు వచ్చి ‘ఏమిటే, ఇల్లు ఇలా పెట్టుకున్నారు’ అని అడుగుతారు. అడగనివ్వాలి. గోడ ఆరాక సున్నం. దాని మీద వెల్ల గానీ, సున్నంతో కలిసే రంగు గానీ. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంత శ్రమా పడి మళ్ళీ ఆ సంచే తొడిగినట్టు.

కప్పు, కోతులు, తుపాను

ఇంటి పైకెక్కితే సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. మనవాళ్ళు బెంగుళూరు పెంకు అంటారు గానీ ఆ రకం పెంకుకు పుట్టిల్లు మంగుళూరు. అక్కడ 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు పెట్టిన పెంకుల కార్ఖానాతో అది మొదలైంది. అంతకు ముందున్నవి కుమ్మరి చక్రం మీద చేసిన గూన పెంకులు. కొన్ని ఇళ్ళలో వీధి వైపు బెంగుళూరు పెంకు, పెరటి వైపు గూన పెంకు ఇప్పటికీ కనిపిస్తాయి. వీధికి దర్జా, వెనక పొదుపు. అలాంటివి ఉంటే అలాగే ఉంచాలి. అన్నీ ఒకే రకం చేసేస్తే ఆ ఇంటి చరిత్రలో ఒక పేజీ చింపేసినట్టే.

‘పెంకు పీకేసి స్లాబు వేసేస్తే పీడ పోతుంది’ అన్న సలహా ప్రతి ఊళ్ళోనూ ఉచితంగా దొరుకుతుంది. లెక్క చూద్దాం. అయిదు అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు అడుగుకు 30 కిలోలకు దగ్గర. పెంకు, కింది బద్దలు కలిపితే అయిదారు కిలోలు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద తేడా 20 టన్నులు దాటుతుంది. ఇదంతా మట్టి అడుసుతో కట్టిన గోడల నెత్తిన. అందుకని మధ్యలో పిల్లర్లు లేపుతారు. పిల్లర్ల కోసం గోడలు కొడతారు. చివరికి పాత ఇంటి లోపల కొత్త ఇల్లు ఒకటి నిలబడుతుంది. ఒక్క పక్కే స్లాబు వేసి మిగతా మూడు వైపులా పెంకు ఉంచడం మరీ ప్రమాదం. రెండూ కలిసే చోట కారడం ఏటా పండగలా వస్తుంది.

అయినా స్లాబు అడిగేవాళ్ళను తప్పుపట్టలేం. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో, కోనసీమలో ఉన్నవాళ్ళకు పెంకుటింటి మీద నమ్మకం లేకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఆ గాలికి కొబ్బరిచెట్లే తోటలకు తోటలు పడిపోయాయి. కాకపోతే గాలి కప్పును ఎక్కడ పట్టుకుని లేపుతుందో తెలిస్తే కొంత జాగ్రత్త పడొచ్చు. అది ముందు చూరును, వాలులు పైన కలిసే కొప్పును పట్టుకుంటుంది. చూరు పొడుగ్గా బయటికి వచ్చినకొద్దీ గాలికి పిడి దొరికినట్టు. చూరు దగ్గరి రెండు మూడు వరసల పెంకులను, కొప్పుకు ఆనుకున్న వరసను తుప్పుపట్టని తీగతో బద్దలకు కట్టాలి. వాసాలను గోడ మీది దూలానికి ఇనుప పట్టీలతో బిగించాలి. ఇంట్లోంచి చూస్తే ఈ పట్టీలు కనిపించవు కూడా.

తుపాను ఎప్పుడో వస్తుంది. కోతులు రోజూ వస్తాయి. పెంకుటిళ్ళు ఖాళీ అవుతుండడానికి ఈ మధ్య ఊళ్ళలో చెప్పే మొదటి కారణం ఇదే. కొబ్బరిచెట్టు మీంచి కప్పు మీదికి ఒక మంద దూకితే పది పెంకులు పోతాయి. కొన్ని కోతులు పెంకు ఎత్తి కిందికి తొంగి చూస్తాయి కూడా. దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. పెంకు కింద, వాసాల మీద సన్నని రేకో బోర్డో పరిచి, దానికీ పెంకుకూ నడుమ గాలి ఆడే సందు వదిలి, పైన మామూలుగానే పెంకు పరవడం. ఒక పెంకు పగిలినా నీళ్ళు వెంటనే లోపలికి రావు. శుద్ధ సంప్రదాయవాదులు దీన్ని ఒప్పుకోరు. వాళ్ళ వాదనలోనూ నిజం లేకపోలేదు. ఉత్త పెంకైతే కారిన చోటు వెంటనే తెలుస్తుంది. రేకు ఉంటే అది దాచేస్తుంది, లోపల చెక్క మగ్గిపోయాక గానీ బయటపడదు. కానీ ఇంట్లో మనిషి ఉండడమా, ఇల్లు వదిలేసి పోవడమా అన్న చోట ఈ రాజీ పడొచ్చు. ఏడాదికోసారి ఎక్కి చూసుకునే షరతు మీద.

మండువా కప్పు పాడయ్యేది ఎక్కువగా నాలుగు లోపలి మూలల్లో. రెండు వాలులు కలిసే ఆ గాడిలో వానంతా పోగవుతుంది. అక్కడ పరిచిన జింకు రేకు తుప్పుపట్టి సూదిమొనంత రంధ్రం పడినా, నీళ్ళు నేరుగా మూలవాసం మీదికి దిగుతాయి. కింద నిలబడి పైకి చూస్తే చెక్క మీద నల్లని చార కనిపిస్తుంది. ఆ చార వెంట వేలు పెట్టి నొక్కుతూ పోతే ఎక్కడో ఒకచోట మెత్తగా దిగుతుంది. మొత్తం కప్పు విప్పడానికి డబ్బు లేకపోతే, ముందు ఆ నాలుగు మూలలూ బాగుచేయించుకుంటే మిగతాది కొన్నేళ్ళు ఆగుతుంది.

చేవ ఉన్న కర్ర

స్తంభాలు, దూలాలు ఎక్కువ భాగం బర్మా నుంచి ఓడల్లో కోస్తా రేవులకు వచ్చిన టేకు. ఎన్నో ఏళ్ళు అడవిలో నెమ్మదిగా పెరిగిన చెట్టు, లోపలంతా చేవ. ఇప్పటి తోటల టేకులో అంత చేవ ఉండదు. అందుకే పాత స్తంభం అడుగు పుచ్చిందని దాన్ని తీసేసి కొత్తది పెట్టడం నష్టానికి బేరమాడడమే. స్తంభం పుచ్చేది సాధారణంగా రాతి పీఠం మీద కూచునే చోట, అడుగో అడుగున్నరో. కారణం తరచుగా మనమే. నేలకు కొత్త టైల్సు వేసినప్పుడు రాతి పీఠం సిమెంటులో సగం మునిగిపోతుంది, రోజూ తడిగుడ్డ పెట్టిన నీళ్ళు నేరుగా చెక్కకు తగులుతాయి. స్తంభానికి రాతిపీఠం పెట్టింది అందం కోసం మాత్రమే కాదు.

దీనికి వైద్యం ఇలా. కప్పు బరువును పక్కన జాకీలతో ఆపి, పుచ్చిన మేర కోసేసి, ఏటవాలుగా కత్తిరించిన పాత టేకు ముక్కను అతికి, చెక్క మేకులతో బిగిస్తారు. మంచి వడ్రంగి చేస్తే అతుకు కనిపిస్తుంది, కానీ కంటికి గుచ్చుకోదు. ఆ అతుకును పుట్టీ పెట్టి, రంగేసి దాచాలని చూడకపోవడం మంచిది. నూరేళ్ళ తర్వాత మరమ్మతు చేసేవాళ్ళకు ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి.

ఆ పాత టేకు ముక్క ఎక్కడిది? ఇంకెవరిదో ఇల్లు విప్పితే వచ్చింది. ఇళ్ళు గుత్తకు కొని, దూలం, ద్వారబంధం, కిటికీ ఊచలతో సహా విప్పుకుపోయే వ్యాపారులున్నారు. వాళ్ళ దగ్గర ఒక వరసలో నిలబెట్టిన తలుపుల్లో, ఏదో ఒక గడప మీద పసుపు చారలు ఇంకా కనిపిస్తూ ఉంటాయి. ఆ స్తంభాలే రేపు గేటెడ్ కమ్యూనిటీ విల్లాలో డ్రాయింగ్ రూము అలంకారం. ఇంటినే ఊరు మార్చడం చివరి మార్గంగా పనికొస్తుందేమో. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియంలో దక్షిణాది ఇళ్ళను విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అక్కడ మన నల్గొండ వైపు చేనేత ఇల్లు కూడా ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, అందులో ఎవరూ రాత్రి పడుకోరు.

తలుపుల మీద పేరుకున్న ఎనామెల్ రంగును గీకేటప్పుడు ఒక హెచ్చరిక. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలుకొచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందటి రంగుల్లో సీసం బాగానే ఉండొచ్చు. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి పనివాడి ఊపిరితిత్తుల్లోకీ, ఇంట్లో పాకే పిల్లల చేతుల మీదికీ చేరుతుంది. తడిపి గీకాలి, మాస్కు కట్టుకోవాలి, పొట్టును పెరట్లో మొక్కల దగ్గర పారబోయకూడదు.

ఇల్లు మ్యూజియం కాదు

రాత్రి పూట మోకాళ్ళ నొప్పుల పెద్దావిడను పెరటి చివర దొడ్డికి నడవమనడం వారసత్వ పరిరక్షణ అనిపించుకోదు. పక్క గదిలోనే బాత్రూము కావాలి. ప్రశ్న ఎక్కడ అన్నదే. మండువాకు ఆనుకున్న మూల గదిని ఎంచుకుంటే పైపులు, తడి అన్నీ ఇంటి నడిగోడల్లోకి చేరతాయి. పెరటి గోడను ఆనుకున్న కొట్టుగది అయితే నయం. దాంట్లోనూ పాత గోడకు పైపులు చెక్కకుండా, కాస్త ఎడం వదిలి లోపల మరో సన్నని గోడ లేపి, పైపులు, టైల్సు దానికే పెట్టుకోవాలి. రేపు ఎవరైనా అదంతా తీసేసినా వెనక పాత గోడ చెక్కుచెదరదు. వంటింటి సింకుకూ ఇదే నియమం.

కరెంటు విషయంలో మొహమాటం పనికిరాదు. చెక్క బద్దీల మీద పాకిన పాత వైరు చూడ్డానికి బాగుంటుందని ఉంచితే ఏదో రోజు ఇల్లే అంటుకుంటుంది. ఎండిన టేకు, వాసాలు, అటక మీద పాత కాగితాలు, ఇంతకంటే ఏం కావాలి నిప్పుకు? మొత్తం తీయించి కొత్తది వేయించాలి. సున్నపు గోడలో గాళ్ళు తీయకుండా, వైర్లను దూలాల పక్కగా పైపుల్లో బయటే నడిపించాలి. ఏసీ కావాలంటే ఒక్క పడకగదికి చాలు. ఆ గదికి మాత్రం కింద విడి చట్రం మీద సీలింగు వేలాడదీసుకోవచ్చు. పెంకు కప్పు కింద మొత్తం ఇంటికి ఏసీ పెట్టడమంటే ఊరికి ఏసీ పెట్టినట్టే.

గడపలు కొంచెం ఎత్తుగా ఉంటాయి. చక్రాల కుర్చీకి అడ్డమని వాటిని కోయించమంటే ఏ వడ్రంగీ ఉలి తీయడు. ఇంట్లో ఆడవాళ్ళు తీయనివ్వరు కూడా. రెండు వైపులా తీసిపెట్టుకునే వీలున్న చెక్క వాలుపలకలు చేయించుకుంటే గడపా ఉంటుంది, కుర్చీ కూడా నడుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది మండువా పైకప్పు దగ్గర. వాన జల్లు, దుమ్ము, పిల్లుల బాధ పడలేక దానిమీద పాలికార్బొనేట్ రేకు బిగించేస్తారు. మొదటి వేసవిలోనే తెలుస్తుంది. వెలుగు వస్తుంది, దానితో పాటు వేడి కూడా వస్తుంది, అది పైకి పోయే దారి ఉండదు. మండువా ఒక పెద్ద పెట్టెలా ఉడుకుతుంది. దాంతో నాలుగు ఫ్యాన్లు, తర్వాత ఏసీ. మూత తప్పదనుకుంటే దాన్ని కొప్పు కంటే పైకి ఎత్తి, చుట్టూ ఒకటిన్నర రెండడుగుల సందు తెరిచి ఉంచి, ఆ సందుకు జల్లెడలాంటి వల బిగించాలి. వేడిగాలి పోతుంది, కోతి రాదు. మూత మీద పడిన నీళ్ళు తిరిగి పాత చూరుల మీదికే దిగేలా చేస్తే మండువాలో వాన చప్పుడు కూడా మిగులుతుంది. దొంగల భయానికి ఇనుప కమ్మీల చట్రం ఒక్కటే వేసుకోవడం ఇంకా సులువు, రేపు తీసేయడమూ సులువే.

వాటాల గోడ సంగతి దీనికంటే బాధాకరం. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మండువా నడుమ నిలువునా గోడ లేస్తుంది. తూము ఒకరి వైపు, నుయ్యి ఇంకొకరి వైపు. తూము ఉన్నవాళ్ళు దాన్ని మూసేస్తే అవతలివాళ్ళ వసారాలో మోకాలి లోతు నీళ్ళు. మరమ్మతుకు దిగేముందు స్తంభాల రంగు గురించి కాకుండా, కప్పు, తూము, పక్క సందు ఎవరి పూచీ అన్నదాని గురించి కాగితం రాసుకోవడం అవసరం. వాట్సాప్ గ్రూపులో ఆ చర్చ మొదలైతే సగం పనులు అక్కడే ఆగిపోతాయన్నది వేరే సంగతి.

చట్టం నుంచి ఇలాంటి ఇళ్ళకు పెద్ద రక్షణ లేదు. తెలంగాణలో 2017లో వారసత్వ చట్టం వచ్చినా, కేంద్రంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉన్నా, పల్లెటూరి సొంత ఇల్లు సాధారణంగా ఏ జాబితాలోకీ రాదు. యజమాని కూల్చాలనుకుంటే కూల్చుకోవచ్చు. ఒక్క మెలిక ఉంది. ద్రాక్షారామం భీమేశ్వరాలయం లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు ఇల్లయితే కొత్త కట్టడం కుదరదు. పాతదానికి మరమ్మతు చేసుకోవాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గుడి వీధుల్లో ఇళ్ళున్నవాళ్ళు పని మొదలుపెట్టాక నోటీసు అందుకునే కంటే ముందే కనుక్కోవడం నయం.

ఆస్ట్రేలియాలో బుర్రా అనే పాత రాగిగనుల ఊళ్ళో 1979లో పరిరక్షణ నిపుణులు ఒక పత్రం రాసుకున్నారు. పేరు చూసి నవ్వొచ్చినా అందులో మాట మాత్రం బుర్రకెక్కాల్సిందే. అవసరమైనంత మార్చండి, వీలైనంత తక్కువ మార్చండి. మన వీధుల్లో దీన్ని రోజువారీ పనిలోకి దించాలంటే ఒక చిన్న అలవాటు చాలు. ఏది విప్పినా ముందు ఫోటో తీయాలి, ప్రతి కర్రకూ సుద్దతో ‘ఈశాన్యం 1, ఈశాన్యం 2’ అని రాయాలి, విప్పిందాన్ని పశువుల కొట్టంలో నీడన పెట్టాలి. విప్పిన తలుపు అడ్రసు లేకుండా పోయే చోటు తరచుగా ఆ పశువుల కొట్టమే అన్నది కూడా గుర్తుంచుకుని తాళం వేయాలి.

కప్పు విప్పినప్పుడు ఒక్కో పెంకు వెనక అచ్చుగుద్దిన కంపెనీ పేరు చూడాలి. ఒక కంపెనీ పెంకు గాడి ఇంకో కంపెనీ దానిలో సరిగా కూచోదు. కలిపి పరిస్తే మొదటి వానకే తెలుస్తుంది. ఊళ్ళో ఎవరైనా పెంకుటిల్లు విప్పుతున్నారని తెలిస్తే వెళ్ళి, అదే అచ్చున్నవి రెండు మూడు వందలు అడిగి తెచ్చుకోవాలి. పెరటి గోడ వారగా, పడుకోబెట్టకుండా నిలువుగా పేర్చుకుంటే ఏళ్ళు ఆగుతాయి. మృగశిర కార్తెకు ముందు కప్పెక్కి పెంకు సర్దే మనిషి కింద నిలబడి ‘నాలుగు పెంకులు అందించండి’ అన్నప్పుడు అవి చేతికి దొరకాలి.